గట్టిపడని చాక్లెట్ ముద్ద

పిల్లలూ, ఈ కథ మీకింతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళందరూ దూరంగా ఉండిపోయారు. ఫోన్లో "తిన్నారా, జలుబు తగ్గిందా" అనుకునేసరికే సమయం అయిపోతుంది. అందుకని రాసిపెడుతున్నాను. ముందుగా ఒక మాట. ఇందులో పల్లీలున్నాయి. మీరెప్పుడైనా ఇది చేసి నలుగురికీ పంచితే, పల్లీలు పడనివాళ్ళున్నారేమో అడిగి మరీ పంచండి. కుక్కర్ ప్లగ్గు ముట్టుకునే ముందు చేతులు తుడుచుకోండి. ఇక కథ.

మీ అమ్మమ్మ దగ్గర ఒక స్లో కుక్కర్ ఉండేది, కరెంటుతో నిదానంగా ఉడికించేది. పైన గాజుమూత, లోపల పింగాణీ గిన్నె, పక్కన ఒకే ఒక మీట. మంట లేదు, కూత లేదు. పొద్దున పెడితే మధ్యాహ్నానికి గానీ ఉలకదు పలకదు. అందుకే ఇంట్లో దాన్ని నిదానమ్మ అనేవాళ్ళు. ఏడాదంతా అటకమీద కూర్చుని, ఏడాది చివరి సెలవులకి ముందు వచ్చే శనివారం కిందికి దిగేది.

అడుగున వేయించిన పల్లీలు, వాటిమీద ముక్కలు చేసిన నల్ల చాక్లెట్, దానిమీద పాల చాక్లెట్, అన్నిటికీ పైన దుప్పటి కప్పినట్టు తెల్ల చాక్లెట్. మీట తక్కువ మీద పెట్టి గంటన్నర వదిలెయ్యాలి. కలపకూడదు. మూతకింద ఒక పొడి తువ్వాలు మడతపెట్టి బిగించాలి. మూతకి పట్టిన ఆవిరి చుక్కై ఒక్కటి లోపల పడినా చాక్లెట్ అంతా ఇసుకలా విరిగిపోతుంది. గంటన్నర తర్వాత అడుగునుంచి కలిపి, చెంచాతో తీసి బటర్ పేపర్ మీద ముద్దలు వెయ్యడమే. ఇంకో గంటకి గట్టిపడతాయి. మీలాంటి బద్ధకస్తులు కూడా చెయ్యగలరు.

ముద్ద వేసేటప్పుడు అదెవరిదో అమ్మమ్మ పైకి చెప్పేది. "ఇది వాచ్‌మన్‌ది. ఇది వాళ్ళావిడది. ఇది పై అంతస్తు మాస్టారిది." దాచకూడనిదేదో దాస్తున్న మనిషి ముద్ద మాత్రం గట్టిపడేది కాదు. మిగతావన్నీ రాళ్ళలా ఉంటే, అదొక్కటీ అప్పుడే చెంచాలోంచి జారినట్టు మెరుస్తూ ఉండేది. ఆ భవనంలో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. కొందరింట్లో పాలు విరుగుతాయి, కొందరి ముద్ద గట్టిపడదు, అంతే. మీ తాతయ్య ముద్ద మూడేళ్ళు గట్టిపడలేదు. ఆయన దాస్తున్నవి సిగరెట్లని అందరికీ తెలుసు. నాలుగో ఏడు ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఏడు ముద్ద ఎంత గట్టిపడిందంటే, కొరకబోయి పన్ను విరగ్గొట్టుకున్నాడు.

అమ్మమ్మ పెట్టిన నియమం ఒకటే. మెత్తగా ఉన్న ముద్దని గుచ్చకూడదు. సాసర్లో విడిగా పెట్టి ఊరుకోవాలి.

తాతయ్య పోయాక అమ్మమ్మ మీ పెద్దమ్మ ఇంట్లోనే ఉండేది. పెద్దమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఊళ్ళో సగంమందికి చూపు పరీక్షించి, ఏ ముక్కుకి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పే మనిషి. మీ పెదనాన్న లిఫ్టు మెకానిక్. ఒక ఏడు ఆయనమీద పెద్దమ్మకి అనుమానం పట్టుకుంది. ఇదంతా తర్వాత తనే నాకు చెప్పింది, తన తప్పులతో సహా. నేనేమీ కలపడం లేదు.

ఆ శనివారం నిదానమ్మ పక్కన నిలబడి పెద్దమ్మ మనసులో మాట బయటపెట్టింది.

"ఫోను మోగితే చూసి జేబులో పెట్టేసుకుంటున్నారమ్మా. ఎవరండీ అంటే నవ్వుతారు."

"నవ్వితే మంచిదేగా," అంది అమ్మమ్మ.

"ప్రతి గురువారం ఓవర్‌టైమ్ అంటారు. వచ్చేసరికి చేతులు తెల్లగా ఉంటాయి. గ్రీజు అంటకుండా లిఫ్టు మెకానిక్కి ఓవర్‌టైమేంటి?"

అమ్మమ్మ మూతకింద తువ్వాలు సరిచేసింది.

"ఇంకా ఉంది. కింద టైలరమ్మ మాట్లాడుతుంటే ఆవిడ మూతివంకే చూస్తారు. కళ్ళు కాదు, మూతి. మొన్న మెట్లమీద ఆవిడ ప్యాంటు పొడుగు గురించి చెప్తుంటే, రెప్ప వెయ్యకుండా విన్నారు. ప్యాంటు గురించి అంత మైమరచి వినే మగాణ్ణి ఎక్కడైనా చూశావా నువ్వు?"

"ఆవిడకి కాస్త మీసముంది కదే. అది చూస్తున్నాడేమో."

పెద్దమ్మ నవ్వలేదు.

ముద్దలు వేశారు. ఇరవై ఆరు. పెదనాన్నది మూడో వరసలో చివరిది. "ఇది అల్లుడిది," అంది అమ్మమ్మ, అందరికీ చెప్పినట్టే. గంట తర్వాత పేపరెత్తి వంచితే ఇరవై అయిదు కదల్లేదు. పెదనాన్నది జారి పేపరు మధ్యకి వచ్చింది.

"చూశావా?" అంది పెద్దమ్మ. గొంతులో తడి లేదు.

"చూశాను. సాసరు ఇటివ్వు."

పెద్దమ్మ అంతటితో ఊరుకునే మనిషి కాదు. ముందు టైలరమ్మ ముద్దని వేలితో నొక్కింది. రాయి. మేకు దిగ్గొట్టడానికి పనికొచ్చేట్టుంది. దాంతో అనుమానం తగ్గాలి కదా, పెరిగింది. ఈవిడ కాకపోతే ఇంకెవరు? తర్వాత చాక్లెట్ మీద అనుమానం వచ్చి పొట్లం మీద తేదీ చదివింది. తర్వాత అమ్మమ్మ మీదే వచ్చింది.

"నువ్వు ఆయన ముద్ద వేసేటప్పుడు చెంచా తుడిచావా? తడి చెంచాతో వెయ్యలేదు కదా?"

"నేనిది మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు," అంది అమ్మమ్మ.

పెద్దమ్మ సాసరు ఫ్రీజర్లో పెట్టింది. పక్కనున్న నీళ్ళు గడ్డకట్టాయి గానీ ముద్ద గడ్డకట్టలేదు. తీసి బల్లమీద పెట్టింది.

సాయంత్రం పెదనాన్న ఇంటికొచ్చాడు. ఆ ఇంటి సంగతులు తెలిసిన అల్లుడే. భోజనాల బల్లమీద సాసరు చూశాడు, అది తనదని తెలిసింది, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. పెద్దమ్మ అటు తిరిగి గిన్నెలు కడుగుతూ అంది.

"అదెందుకలా ఉందో మీకు తెలుసు. ఇప్పుడే చెప్పేస్తే నేనేమీ అనను."

వెనకనుంచి జవాబు లేదు. కుళాయి కట్టేసి మళ్ళీ అంది. "చెప్తారా, చెప్పరా?"

తిరిగి చూస్తే, పెదనాన్న ప్రశాంతంగా తింటున్నాడు. మాట వినపడనట్టే ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుంది పెద్దమ్మ. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆయన చొక్కా జేబులు వెతికింది. దొరికినవి ఒక స్క్రూ, రెండు బస్సు టికెట్లు. ఆ రెండు టికెట్లూ ఒకే చోటివి. లిఫ్టులున్న పెద్ద భవనాలేవీ లేని వీధి.

గురువారం. సెలవులు నడుస్తున్నాయి. పెదనాన్న తల దువ్వుకుని "ఓవర్‌టైమ్" అన్నాడు. సెలవుల్లో ఓవర్‌టైమ్. పెద్దమ్మ తలూపింది. తలుపు మూసుకోగానే చెప్పులేసుకుంది.

"గుచ్చొద్దన్నాను," అంది అమ్మమ్మ.

"గుచ్చడం లేదమ్మా. చూసొస్తాను."

ఆయన ఎక్కిన బస్సు వెనక బస్సెక్కింది. ఒక బేకరీ పక్కన ఇరుకు మెట్లు. ఆయన పైకి వెళ్ళిన కాసేపటికి తనూ వెళ్ళింది. రెండో అంతస్తులో ఓరగా వేసిన తలుపు. లోపల కిటికీ వెలుతురులో రెండు కుర్చీలు, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. ఒక దాంట్లో పెదనాన్న, తలుపుకి వీపు పెట్టి. ఎదురుగా నలభై దాటిన ఒకావిడ. ఆవిడ కళ్ళజోడు పెద్దమ్మ దుకాణంలోదే. ఆ ఫ్రేము పెద్దమ్మే ఏరి, చెవులకి సరిపోయేలా వంచి మరీ ఇచ్చింది. నా చేత్తో నేనే సింగారించి పంపానన్నమాట, అనుకుంది.

ఆవిడ పెదవులు కదుపుతోంది. గొంతు రావడం లేదు. పెదనాన్న ఆ పెదవులవంకే చూస్తున్నాడు.

పెద్దమ్మ తలుపు తోసింది. అది గోడకి ధన్‌మని కొట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

కళ్ళజోడావిడ తలెత్తింది. పెదనాన్న తిరగలేదు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఇది?"

తిరగలేదు. పెద్దమ్మ గదిలోకి నడిచి ఆయన వెనక ఒక్క బారెడు దూరంలో నిలబడి, జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. కింద బేకరీలో ఎవరో పళ్ళెం జారవిడిచారు. పెదనాన్న వీపు కదల్లేదు. ఆయన ఎదుటావిడ పెదవులవంకే చూస్తూ, "ఇప్పుడేమన్నారు? మళ్ళీ అనండి, అందలేదు," అన్నాడు చిన్నగా నవ్వుతూ.

ఆవిడ వేలెత్తి ఆయన వెనక్కి చూపించింది. అప్పుడు తిరిగాడు.

పెద్దమ్మకి ఆ క్షణంలో కుళాయి దగ్గర నిలబడి తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. వీపు పెట్టి అన్నవి. ఇన్నాళ్ళుగా అన్నవి.

ఇద్దరూ ఆ మెట్లమీదే కూర్చున్నారు. ఆయన మాట్లాడబోతే ఆగమని, పెద్దమ్మ రెండు మెట్లు కిందికి దిగి, ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుంది.

"ఎడమ చెవి పూర్తిగా పోయింది," అన్నాడు పెదనాన్న. "కుడిదాంట్లో కాస్త ఉంది. మిషన్‌తో కూడా పెద్దగా లాభం లేదన్నారు. పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతారంటే వస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పని మానెయ్యమంటావు."

"అంటాను."

"అందుకే."

ఆ పనేమిటో మీకు చెప్పాలి. లిఫ్టు బాగుచేసేటప్పుడు ఇద్దరుంటారు. ఒకడు అడుగున గుంటలోకి దిగుతాడు. ఇంకొకడు లిఫ్టు నెత్తిమీద మీట పట్టుకుని నిలబడి దాన్ని పైకీ కిందికీ కదుపుతాడు. కిందివాడు "ఆపు" అని అరిస్తే పైవాడు ఆపాలి. ఆ సొరంగంలో ఫోన్లు పలకవు. పైవాడు పెదనాన్న. కిందివాడు ఆయన జతగాడు. గొంతు పెద్దదని అందరూ అతన్ని మైకు అనేవాళ్ళు. మూడు నెలలుగా పెదనాన్నకి మైకు గొంతు కూడా వినపడడం లేదు. గోడమీద అతని టార్చి వెలుగు కదిలే తీరు చూసి నెట్టుకొస్తున్నాడు. సెలవులయ్యాక సోమవారం కొత్త భవనంలో పని. అక్కడ లిఫ్టు గోడల్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. కింద దీపం పైకి కనపడదు.

"ఏదోలా చూసుకుంటాను," అన్నాడు పెదనాన్న.

ఇంటికొచ్చి పెద్దమ్మ ముందు ఫ్రిజ్ తెరిచింది. ముద్దమీద పలచగా పొర కట్టింది. సాసరు వంచితే లోపల ఇంకా కదులుతోంది.

"నాకు చెప్పారుగా! మళ్ళీ ఇదేంటి?" పెద్దమ్మకి మళ్ళీ అనుమానం వచ్చింది. "ఇంకేం దాస్తున్నారు?"

అమ్మమ్మ జరిగిందంతా విని, అల్లుడి ఎదురుగా వచ్చి నిలబడింది. పెదవులు స్పష్టంగా కదిపి మరీ అంది.

"పెళ్ళానికి చెప్తే సగమే బాబూ. మీ చెవిమీద నమ్మకంతో గుంటలో దిగేది అది కాదు కదా."

పెదనాన్న రెండు రోజులు తన పనిముట్ల పెట్టె తీసి, తుడిచి, మళ్ళీ సర్దుతూ గడిపాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, అదొక్కటే వచ్చు. ఆదివారం పొద్దున చొక్కా తొడుక్కుని "పద," అన్నాడు. పెద్దమ్మ సాసరు చేత్తో పట్టుకుని వెంట నడిచింది.

మైకు వాకిట్లో విరిగిన కుర్చీకి కాలు బిగిస్తున్నాడు. "ఏంట్రా, సెలవుల్లో కూడా నా మొహం చూడాలా?" అని వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు.

"నాకు వినపడదురా," అన్నాడు పెదనాన్న. "మూడు నెలలైంది. నువ్వు ఆపమంటే వినపడదు. నీ టార్చి చూసి ఆపుతున్నాను."

మైకు చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. పెద్దమ్మ సాసరు వంచి చూసింది. సాసర్లో ముద్ద అంచుకి తగిలి టక్‌మంది. రాయి తగిలినట్టు. మైకు విన్నాడు, అతని భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది. పెదనాన్నకి వినపడలేదు. పెద్దమ్మ ముఖం చూసి తెలుసుకున్నాడు.

"పొగరెక్కిందనుకున్నాను," అన్నాడు మైకు చివరికి. "పిలిస్తే పలకవని."

"నిజమే అన్నయ్యా," అంది భార్య. "రోజూ అన్నం ముందు కూర్చుని మిమ్మల్నే తిట్టేవారు."

మైకు కోపం అప్పుడే పోలేదు. మూడు నెలలు తను కింద నిలబడిన గుంటలన్నీ ఒక్కొక్కటీ చెప్పి, చెప్పి, తిట్టాడు. కానీ తిట్టేటప్పుడు పెదనాన్నకి ఎదురుగా నిలబడి, ప్రతి తిట్టూ అందేలా నిదానంగా తిట్టాడు. తర్వాత ఆ ముద్దని గడపమీద పెట్టి సుత్తితో కొట్టి, సగం తను నోట్లో వేసుకుని, సగం ఆయన చేతిలో పెట్టాడు.

సోమవారం లిఫ్టు నెత్తిమీద వేరే మనిషి నిలబడ్డాడు. పదకొండు గంటలప్పుడు గుంటలో మైకు చొక్కా లిఫ్టు కింద వేలాడే గొలుసులో చిక్కుకుంది. లిఫ్టు దిగుతోంది. "ఆపు" అన్నాడు. పైవాడు విన్నాడు, ఆపాడు. మైకు తలకీ లిఫ్టు అడుక్కీ మధ్య జానెడు ఖాళీ ఉందట. నేను కొలవలేదు, అతను చెప్పిందే చెప్తున్నాను. పెదనాన్న ఆ సమయానికి వర్క్‌షాపులో బల్ల ముందు కూర్చుని ఒక పాత మోటారు విప్పుతున్నాడు. ఈ రోజుకీ ఆయన పని అదే.

ఇంతే కథ. మీ పిల్లలకి చెప్పండి. పల్లీల సంగతీ, తువ్వాలు సంగతీ వదలకుండా చెప్పండి. ఏదో ఒక ఏడు మీ ఇంట్లో కూడా ఎవరిదో ఒక ముద్ద గట్టిపడదు. గుచ్చొద్దని చెప్పండి. చేస్తున్న పని పక్కనపెట్టి, ఆ మనిషికి ఎదురుగా వచ్చి కూర్చుని అడగమనండి.