గోడకు జ్వరం

నేను ఒక ఫ్యూజును. ఇప్పటి ఇళ్లలో మీటరు పక్కన చిన్న చిన్న మీటలు వరుసగా ఉంటాయే, వాటికి ముందు తరం నాది. తెల్లటి పింగాణీ దిమ్మను, రెండు ముక్కలుగా ఉంటాను. ఒక ముక్కను చెక్కకు బిగిస్తారు. రెండో ముక్క చేత్తో పట్టుకుని ఊడదీయడానికి వీలుగా ఉంటుంది. దాని వెనకవైపు రెండు ఇత్తడి మరల మధ్య దారంలాంటి సన్నటి తీగ ఒకటి కడతారు. ఇంట్లోకి వెళ్లే కరెంటంతా ఆ తీగ మీదుగానే వెళ్లాలి. అది మోయగలిగినదానికంటే ఎక్కువ వస్తే తీగ కరిగి తెగిపోతుంది, ఇంట్లో అన్నీ ఆగిపోతాయి. నా ఉద్యోగం అంతే. నేను ఆ ఉద్యోగం సరిగ్గా చేసిన ప్రతిసారీ జనం నన్ను తిట్టారు.

గుజరాత్‌లో ఏదో బట్టీలో కాలాను. వరిగడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, గూడ్సుబండిలో చీరాల చేర్చారు. గడియారస్తంభం దగ్గర ఒక ఎలక్ట్రికల్ కొట్టులో ఏడాదిపాటు దుమ్ము తిన్నాను. ఎనభై నాలుగులో కోటిలింగం మాస్టారు నన్ను కొన్నారు. లెక్కల మాస్టారు. పేరాలలో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, రేడియోకి ఒక ప్లగ్గు. వైర్లు గోడ పైన కనపడకూడదని గోడ లోపలే పైపులు వేయించారు. ఏ పైపు ఎటు పోయిందో కాగితం మీద గీసి పెట్టుకున్నారు కూడా. పదిహేనేళ్ల తరవాత ఇల్లు అమ్మి వెళ్లిపోతూ ఆ కాగితాన్ని తన పుస్తకాలతోపాటు ట్రంకుపెట్టెలో పట్టుకుపోయారు. కొన్నవాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు.

కొన్నది దొంతు భావనారాయణ. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగం. అక్కడ ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి గడిలోకి చకచకా విసిరే మనిషి, ఇంట్లో మాత్రం కొన్న ప్రతి వస్తువునూ ఒకే తీగకు తగిలించాడు. టీవీ వచ్చింది, ఫ్రిజ్జు వచ్చింది, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, నీళ్ల మోటారు వచ్చాయి. ప్లగ్గు చాలకపోతే దాని పక్కనే ఇంకో ప్లగ్గు, దానికింద ఇంకోటి. లోపలి తీగ మాత్రం మాస్టారు వేయించిన అల్యూమినియం తీగే. కాబట్టి నేను తరచుగా తెగిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లో నన్ను బాగుచేసింది ఆయన తల్లి తులశమ్మ. కొడుకు డ్యూటీలో ఉంటే ఆవిడే ముక్కాలిపీట వరండాలోకి లాక్కుని, ఎక్కి, మెయిన్ స్విచ్చి దించి, నన్ను ఊడదీసి కొత్త తీగ కట్టేది. నలభై ఏళ్లు మగ్గం మీద పనిచేసిన చేతులవి. కోడలు హైమావతి భయపడి "అత్తయ్యా, షాకు కొడుతుందేమో" అంటే నవ్వేది.

"తెగిన పోగు అతకటం నాకు కొత్తా ఏందే!"

తరవాత ఆవిడకు నీటికాసులు వచ్చి చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. చూపు పోయినా ఆవిడ కూర్చోలేదు. కుడి అరచెయ్యి గోడకు ఆనించి ఇల్లంతా తిరిగేది. మంచం నుంచి వంటింటి గుమ్మానికి పద్నాలుగు అడుగులు, అక్కడి నుంచి పెరట్లో కుళాయికి తొమ్మిది. స్నానం, బట్టలు, మందార చెట్టుకు నీళ్లు, అన్నీ తనే. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకునేది.

నన్ను చూసుకునే పని భావనారాయణ మీద పడింది. ఆయనకు ఓపిక తక్కువ. ఒక ఎండాకాలం, వారంలో మూడోసారి నేను తెగిపోయిన రోజు, పాత వైరు ముక్క ఒకటి ఒలిచి, అందులోని రాగి తీగలు నాలుగు కలిపి మెలేసి, నా మరల మధ్య గట్టిగా బిగించాడు.

"ఇంక చచ్చినా పోదు" అన్నాడు పీట దిగుతూ.

నిజమే, పోలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకు మంచి పేరు వచ్చింది. నేను చెయ్యాల్సిన పని చెయ్యలేని స్థితిలో ఉన్నంతకాలం నా గురించి ఒక్క మాట పడలేదు.

అయిదేళ్ల కిందట హైమావతి ఇంట్లోనే ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. చేతి చలవో ఏమో, ఏడాది తిరిగేసరికి సగం పేరాల ఆవిడ పిండితోనే టిఫిను చేసుకుంటోంది. ఒక గ్రైండరు రెండయింది. పిండి పాడవకుండా పెద్ద ఫ్రిజ్జు ఒకటి వచ్చింది. దాన్ని తడిచేత్తో ముట్టుకుంటే జివ్వుమనేది. హైమావతి ఎలక్ట్రీషియన్ ఖాజావలిని పిలిపించింది. సన్నగా, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఇల్లంతా చూసి బయటికి వచ్చి భావనారాయణతో చెప్పాడు.

"సార్, ఈ తీగ బల్బులకీ ఫ్యాన్లకీ ఏసింది. వంటింటికి మీటరు కాణ్నుంచి వేరే లైను లాగాల. గ్రైండర్లకొకటి, ఫ్రిజ్జుకొకటి. పెరట్లో గుంట తీసి ఎర్తు కూడా ఎయ్యాల."

"అంటే గోడలు పగలగొడతావా?"

"కొట్టకుండా ఎట్టా సార్? సన్నగా గాడి తీసి మళ్లీ పూసేస్తాం."

భావనారాయణ గోడల వైపు చూశాడు. లప్పం పెట్టించి, నునుపు చేయించి, పిస్తా రంగు వేయించి ఏడాది కాలేదు. ఆ లప్పం కింద వంటింటి గోడలో వైర్ల అతుకులుండే పెట్టె మూత కూడా కనపడకుండా పూడిపోయింది. చుట్టాలు వచ్చినప్పుడు ఆయన ఆ గోడను చేత్తో నిమిరి చూపించేవాడు.

"ఇప్పుడొద్దులే. తరవాత చూద్దాం" అన్నాడు. ఖాజావలి సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. నన్ను ఊడదీసి చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే ఈ కథ అయిపోయేది.

మరో నెలకు కాబోలు, ఒక ఉదయం తులశమ్మ వంటింట్లోకి నడుస్తూ మధ్యలో ఆగిపోయింది.

"ఒరే భావనా, గోడకి జరమొచ్చినట్టుందిరా."

"ఎండకి వేడెక్కుంటుందిలేమ్మా."

"పొద్దున పూట పడమటి గోడకి ఎండేందిరా?"

ఆయన స్నానం ముగించుకుని వచ్చి చెయ్యి పెట్టాడు. గ్రైండర్లు ఆపి అప్పటికి అరగంటయింది, గోడ చల్లారిపోయింది. మర్నాడు మళ్లీ చెప్పింది. నాలుగోరోజు మళ్లీ. ఆయన పోస్టాఫీసుకు వెళ్లే తొందరలో ఉండేవాడు. హైమావతికి పిండి తొందర. చివరికి తల్లి మీద ప్రేమతోనే ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఈవిడలా షుగరు ఉన్నవాళ్లకు అరచేతుల్లో మంటలు పుట్టినట్టు ఉంటుందని డాక్టరు చెప్పి మాత్రలు రాశాడు. డాక్టరు తప్పేమీ లేదు. ఆయనకు చూపించింది చేతుల్ని, గోడను చూపించలేదు.

ఆ విధంగా గోడ వేడెక్కినందుకు తులశమ్మ రెండు నెలలు మాత్రలు మింగింది.

మాత్రలకు గోడ చల్లబడలేదు గాని ఆవిడే మారిపోయింది. గోడ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, తన అరచేతిని చెంపకు ఆనించి చూసుకునేది. వేడి గోడదో చేతిదో ఆవిడకే తెలియడం మానేసింది. తరవాత తరవాత మంచం దగ్గరే కూర్చుని "హైమా, ఒకసారి పెరట్లోకి తీసుకెళ్తావా" అని అడగడం మొదలుపెట్టింది. హైమావతి పిండిచేతులు కడుక్కుని వచ్చి తీసుకెళ్లేది. మందార చెట్టుకు నీళ్లు ఎవరో ఒకరు పోసేవాళ్లు. ఆవిడ కళ్లు పోయినప్పుడు ఆ ఇంట్లో అందరూ ఏడ్చారు. చేతులు పోయినట్టు మాత్రం ఎవరూ గమనించలేదు.

కార్తీక మాసంలో ఒక పెళ్లివారు పిండి చాలా ఎక్కువగా అడిగారు. ఉదయం ఏడింటి నుంచి రెండు గ్రైండర్లూ ఆగకుండా తిరుగుతున్నాయి. భావనారాయణ డ్యూటీలో ఉన్నాడు. హైమావతి పెరట్లో కుళాయి కింద బియ్యం కడుగుతోంది. నా మీదుగా అంత కరెంటు ఎన్నడూ వెళ్లలేదు. నా ఇత్తడి మరలు కాలిపోతున్నాయి. మామూలు తీగ ఉండి ఉంటే గంట కిందటే తెగిపోయేది. ఆ నాలుగు రాగి పోగులు నిబ్బరంగా మోస్తూనే ఉన్నాయి.

తులశమ్మ మంచం మీది నుంచి లేచింది. ఏదో వాసన తగిలినట్టుంది. గోడ మీద చెయ్యి పెట్టింది, తీసింది. అరచెయ్యి చెంపకు ఆనించుకుంది. ఈసారి ఎడమచెయ్యి పెట్టింది. తరవాత నుదురు ఆనించి చూసి గబుక్కున వెనక్కి లాక్కుంది.

"హైమా!" అని రెండుసార్లు పిలిచింది. గ్రైండర్ల మోతలో హైమావతికి వినపడలేదు.

ఆవిడ వంటింటి వైపు వెళ్లలేదు. గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. ముక్కాలిపీట కాలితో వెతికి, జరిపి, నా కిందకు తెచ్చింది. పన్నెండేళ్లయింది ఆవిడ ఆ పీట ఎక్కి. డెబ్భై నాలుగేళ్ల మనిషి. మోకాలు ఆనించి, కిటికీ చువ్వ పట్టుకుని ఎక్కింది. మెయిన్ పిడి పట్టుకుని కిందకు లాగింది. తుప్పు పట్టి కదల్లేదు. రెండు చేతులతో లాగింది. పీట ఊగింది గాని పిడి రాలేదు. అప్పుడు ఆవిడ వేళ్లు పక్కకు జరిగి నన్ను తడిమాయి. నేను నిప్పులా ఉన్నాను. వేళ్లు ఒక్కసారి వెనక్కి పోయాయి. కొంగు చేతికి చుట్టుకుని మళ్లీ వచ్చాయి.

ఒక్క గుంజు గుంజింది. చిటుక్కున నిప్పురవ్వ ఎగిరింది. గ్రైండర్లు రెండూ మూలిగి ఆగిపోయాయి.

హైమావతి తడిచేతులతో వచ్చింది. "కరెంటు పోయిందా అత్తయ్యా?" అని అడుగుతూనే పీట మీద ఆవిణ్ణి చూసి కెవ్వుమంది.

"పోలా. నేనే తీసేశా" అంది తులశమ్మ. "నా చేతులకే రోగమూ లేదే. నువ్వెళ్లి ఆ గోడ ముట్టుకో."

హైమావతి వెళ్లి ముట్టుకుని చెయ్యి లాక్కుంది. పిస్తా రంగు మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మచ్చ దిగుతోంది.

ఖాజావలి అరగంటలో వచ్చాడు. మచ్చ ఉన్నచోట లప్పం గీకి పెట్టె మూత తీస్తే నల్లటి పొగ బుస్సున వచ్చింది. లోపల వైర్ల తొడుగులు కరిగి ఒకే ముద్ద అయిపోయాయి. పక్కనున్న స్విచ్‌బోర్డు చెక్క వెనక బొగ్గయి ఉంది. ఆ పక్కనే గ్యాసు సిలిండరు. అతను నన్ను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది ఫ్యూజని ఎవరన్నారమ్మా? ఇంతకంటే ఇనప మేకు కొట్టుకోవచ్చు."

తరవాత తులశమ్మ దగ్గరకెళ్లి కింద కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఈ గోడల్లో పైపులు ఎటెటు పొయ్యాయో నాకు తెలవదు. ఎక్కడెక్కడ వేడి తగిలేదో జెప్తావా?"

ఆవిడ లేచింది. గోడ వెంట నడుస్తూ వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ మొదలయ్యేది. ఇట్టా పైకి పోయేది. ఈడ వంపు తిరిగేది." ఆవిడ వేలు వెళ్లిన దారినే ఖాజావలి ఎర్ర సుద్దతో గీత గీసుకుంటూ వెళ్లాడు. మాస్టారు పట్టుకుపోయిన కాగితం మీదున్న గీతకు, దీనికి పెద్ద తేడా ఉండి ఉండదు.

కబురందుకుని భావనారాయణ పరుగున వచ్చేసరికి ఆయన ముద్దుల గోడ నిండా ఎర్ర గీతలున్నాయి. గీతలు చూశాడు, మసిబారిన పెట్టె చూశాడు, తల్లి వేళ్ల మీద లేచిన బొబ్బలు చూశాడు. ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"ఆ చేతుల మాత్రలు ఇంకా ఉన్నాయేందిరా?" అని అడిగింది తులశమ్మ.

"ఉన్నాయమ్మా."

"పారెయ్యి."

ఆయన లేచి మాత్రలు తీసి బయట పారేశాడు. వస్తూ వస్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి ఖాజావలితో, "కొట్టవయ్యా గోడ. ఎంత అవసరమైతే అంత కొట్టు" అన్నాడు.

పని ఆరు రోజులు పట్టింది. వంటింటికి రెండు కొత్త లైన్లు వచ్చాయి, పెరట్లో గుంట తీసి ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తు వేశారు. పెళ్లివారి మిగతా పిండి హైమావతి పక్కింటి గ్రైండరులో రుబ్బి అందించింది. నేనున్న చోట కొత్త పెట్టె, అందులో మీటలు వచ్చాయి. ఖాజావలి తులశమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో మీట మీదా పెట్టి, ఏది దేనిదో రెండుసార్లు చెప్పాడు. మూడోసారి ఆవిడే అతనికి అప్పజెప్పింది. ఆ సాయంత్రం ఎవర్నీ పిలవకుండా, పచ్చి సిమెంటు గాడుల మీద చెయ్యి ఆనించుకుంటూ పెరట్లోకి వెళ్లి మందార చెట్టుకు నీళ్లు పోసింది.

నేను చెత్తలోకి పోవలసినవాణ్ణి. పింగాణీకి పాతసామాన్ల వాడి దగ్గర విలువ లేదు. ఖాజావలి నన్ను తన కొట్టు గూట్లో పెట్టుకున్నాడు, రాగి పోగులతో సహా. లావు తీగ వేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లు వస్తే నన్ను వాళ్ల చేతిలో పెట్టి ఈ సంగతి చెబుతాడు. కొంతమంది కొత్త లైను వేయించుకుంటారు. కొంతమంది చూద్దామని వెళ్లిపోతారు. చెప్పగా చెప్పగా అతని కథ పెరుగుతోంది. ఈమధ్య అందులో వంటింటి నిండా మంటలు లేస్తున్నాయి, తులశమ్మ వాటి మధ్యలోంచి నడిచి వస్తోంది.

ఆవిడ చేతిలో ఉన్నది నేను. నాకు తెలుసు. ఆ రోజు మంటలు రాలేదు. ఆవిడ రానివ్వలేదు.