జేబులోని పెంకు

లోర్నా మొదటి కుండ చేసింది 1994 ఏప్రిల్ పన్నెండున. ఆ మధ్యాహ్నం ఆమె, భర్త డెల్మర్ ఇద్దరూ క్యాబేజీ సూపులో వెన్నరొట్టెలు ముంచుకుని తిన్నారు. తిన్న చెయ్యి సరిగా కడుక్కోకుండానే ఆమె బంకమట్టి ముందు కూర్చుంది. "పగలగొట్టేదానికి అందమెందుకులే" అంటూనే అందంగా చేసింది.

ఈ ఉదయం బడి వెనకగదిలో డెల్మర్ ఉన్రూ ఆమె చేసిన చివరి కుండను పాత దిండు గలీబులో పెట్టి మూతి ముడివేశాడు. లోర్నా పోయి మూడు చలికాలాలైంది. ఆమె చేసిపెట్టిన కుండలు ఏడాదికొకటి చొప్పున ఆరో తరగతి పిల్లల ప్రాచీన చరిత్ర పాఠంలో తవ్వకాల ఆటకి ఖర్చయ్యాయి. బడిలో సహాయకుడిగా డెల్మర్‌కు కూడా ఇదే చివరి రోజు. దీన్నొక్కదాన్నీ ఇంటికి తీసుకుపోదామని నిన్నంతా అనుకున్నాడు. పొద్దున లేచేసరికి, పిల్లల చేతుల్లోకి వెళ్లాలని చేసినదాన్ని అలమారలో పెట్టి ఏం చేసుకుంటానని అనిపించింది.

కళ్లు మూసుకుని చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. తర్వాత ఎప్పటిలాగే, చూడకుండా గలీబులో చెయ్యి పెట్టి ఒక పెంకు తీసి జేబులో వేసుకున్నాడు. మిగతావి పెరట్లోని చెక్కతొట్టెలో పూడ్చాడు. అడుగున ఎర్రమట్టి, మధ్యన ఇసుక, పైన గోధుమచేల నల్లమట్టి. పెంకులు ఎర్రమట్టిలోకి వెళ్లాయి.

పదింటికి పిల్లలు చెంచాలు, పెయింటు బ్రష్షులు పట్టుకుని తొట్టె చుట్టూ చేరారు. కాన్సస్ గాలికి అందరి నోళ్లలోనూ ఇసుకే. టేట్ అనే కుర్రాడు ఒకేచోట మోచేతి లోతు తవ్వేశాడు.

"ఏం బాబూ, నీళ్లు పడ్డాయా?" అన్నాడు డెల్మర్.

అందరూ ఘొల్లుమన్నారు.

"అడుగున ఉన్నదే కదా పాతది! డైరెక్టుగా అక్కడికే పోతున్నా."

"మధ్యలో బతికినవాళ్లు ఏం పాపం చేశారయ్యా? పొర పొరా లేపు."

మధ్యాహ్నానికి పెంకులన్నీ బల్లమీదికి వచ్చాయి. మారిసోల్ అనే పిల్ల నాలుక కొస బయటపెట్టి, ఒక్కొక్కటే జిగురుతో అతికిస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"మిస్టర్ ఉన్రూ, లోపల ఎవరిదో వేలుంది!"

"చచ్చిపోయినోళ్లదా?" అన్నాడు టేట్ ఎగబడుతూ.

"అవును. కుండ చేసినావిడది" అన్నాడు డెల్మర్.

పిడి అతికించేటప్పుడు లోపలినుంచి బొటనవేలితో అదిమిపట్టాలి. ఆ తర్వాతే లోర్నా సన్నటి మెడ కట్టేది. కుండ పగలకపోతే ఆ గుర్తు ఎవరికీ కనపడేది కాదు.

మారిసోల్ తన బొటనవేలు అందులో పెట్టి చూసింది. "సగమే ఉంది. మిగతాది ఏది?"

"ఏ తవ్వకంలోనైనా ఏదో ఒక ముక్క దొరక్కుండా పోతుందమ్మా" అన్నాడు, ఏటా చెప్పే మాటే.

"ఊరుకోండి సార్! మా అన్నకీ ఇదే చెప్పారంట" అన్నాడు టేట్. "మీ జేబులోనే ఉంటుందంట కదా!"

డెల్మర్ నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. అతని బొటనవేలు చిన్న గుంటలో పడింది. కాసేపు చెయ్యి అక్కడే ఉంచుకున్నాడు. తర్వాత పెంకు బయటికి తీసి మారిసోల్ చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా ఇవ్వలేదు.

ఆ పిల్ల దాన్ని ఖాళీలో ఆనించి పట్టుకుంది. వేలిగుర్తు నిండుగా కనపడింది. పిల్లలంతా వంతులవారీగా అందులో వేలు పెట్టి చూశారు. టేట్ రెండుసార్లు పెట్టాడు. డెల్మర్ ఆఖరున పెట్టాడు.

జిగురు రాస్తుందనుకుంటే మారిసోల్ పెంకును తిరిగి అతనికే అందించింది. "ఇది మీరే ఉంచుకోండి. అంతా దొరికేస్తే వచ్చే ఏడు దీన్ని చూసే పిల్లలు ఏం ఆలోచిస్తారు?"

"నిజమే" అన్నాడు డెల్మర్.

సాయంత్రం చెంచాలు కడిగి బోర్లించాడు. బ్రష్షులు దులిపి డబ్బాలో నిలబెట్టాడు. గలీబు మడిచి అరలో పెట్టాడు. టోపీ తీసుకుని, జేబు ఒకసారి తడుముకుని, గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు. లోపల కిటికీ గట్టుమీద, బొటనవేలంత వెలితితో, కుండ జిగురు ఆరుతోంది.