హారతికిచ్చిన గోలీ

వదులైన జాకెట్లకు కుట్లు బిగించుకుంటూ కూర్చున్న రోజున మా ఆయన గంగారాం నన్ను చూసి, "ఇప్పుడు జర మనిషిలెక్క కనబడుతున్నవ్" అన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా ఒంటి గురించి ఆయన నోట వచ్చిన మొదటి మంచిమాట అది. అంతకుముందు నన్ను డ్రమ్మనేవాడు. పెళ్లిళ్లకు పోయినా పక్కన నిలబడేవాడు కాదు. ఆ ఒక్క మాటకు నేను మురిసిపోయాను. సూది వేలికి గుచ్చుకున్నా నవ్వుతూనే ఉన్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సన్నబడటం నా గొప్పేమీ కాదు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు నాకూ సోకింది. అది తగ్గాక షుగర్ బయటపడింది. మాకు దగ్గర్లోని పాండెసరా క్లినిక్‌లో తెలుగు రాని డాక్టరమ్మ ఒక కొత్త గోలీ రాసింది. ఒంట్లోని చక్కెరను మూత్రంలో బయటికి పంపిస్తుందట, బరువు కూడా తగ్గిస్తుందట. ఎన్నేళ్లు మింగాలని అడిగాను. ఎప్పటికీ అంది. అన్నేళ్లు మింగితే లోపల ఏమవుతుందని అడిగాను. ఆమె దాచలేదు. పాత గోలీల సంగతి అందరికీ తెలుసు, ఇది కొత్తది, ఇరవై ఏళ్లకు ఏం చేస్తుందో ఇంకా ఎవరూ చూడలేదు, షుగర్‌ను వదిలేస్తే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు అంది. నేను ఇంకో మాట అడగబోతుంటే మా ఆయన, "డాక్టర్ కంటె నీకెక్కువ ఎర్కనా" అని లేచాడు. మరమగ్గాల షెడ్డులో ఆయన పాళీకి, అంటే షిఫ్టుకు, టైమయిందట.

ఇరవై ఏళ్ల సంగతేమో గానీ, వారానికి ఏం చేస్తుందో నాకు వెంటనే తెలిసింది. ఊరొదిలి మగ్గాల పనికి వచ్చి మేముంటున్న వడోద్‌లో మా వరుసలో ఆరు గదులకు ఒకటే లెట్రిన్. నేను ఇంట్లో చీరలకు రాళ్లు అంటిస్తాను. గమ్ము పెట్టాక మధ్యలో లేస్తే ఎండిపోతుంది, చీర పాడవుతుంది. గంటకోసారి లేవాల్సి వచ్చేది, బిగబట్టుకునేదాన్ని. ఆ పైన దురద, మంట. మా ఆయనకు చెబితే సబ్బు మార్చమన్నాడు. మళ్లీ చెబితే, సన్నబడ్డావు కదా ఇంకేం కావాలన్నాడు. లెట్రిన్‌లో చీమలు పడుతున్నాయని వరుసలో ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. మూత్రానికి చీమలు పట్టాయంటే షుగర్ ఉన్నట్టేనని మా అత్త ఎల్లవ్వ ఊరి నుంచి తెచ్చుకున్న వైద్యం. ఆమె అందరి ముందూ నా పేరు చెప్పింది. ఆ రోజు నుంచి నేను ఒక బకెట్ నీళ్లు ఎక్కువ మోసుకెళ్తున్నాను.

ఇవేవీ హారతికి చెప్పలేదు. హారతి మా మరిది పరమేశ్వర్ భార్య, మా పక్క గదే. మొదటి కాన్పు తర్వాత ఒళ్లు చేసింది. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా పరమేశ్వర్, "వదినెను జూసి నేర్చుకో" అనేవాడు. ఆమె తినే ప్రతి ముద్దనూ చూసేవాడు. ఒకరోజు ఆమె వచ్చి, "అక్కా, నీ గోలీ నాకు గూడ ఇయ్యరాదు" అంది. తనకు షుగర్ లేదని నాకు తెలుసు. డాక్టరమ్మ చెప్పిన మాటా గుర్తుంది. అయినా డబ్బాలోంచి తీసి ఇచ్చాను. జ్వరం గోలీ, తలనొప్పి గోలీ, మిగిలిన కూర, మేమిద్దరం ఏదైనా పంచుకునేవాళ్లం. ఇదీ అట్లాగే అనుకున్నాను. ఇంకో నిజం కూడా ఉంది. నన్ను చూసి నేర్చుకోమని ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ గొప్ప నాకు నచ్చింది.

నాలుగు నెలలు మింగింది. మెడికల్ షాపతను నా చీటీ మీదే రెండింతలు ఇచ్చేవాడు. నాలుగో నెలలో తెలిసింది, అప్పటికే రెండు నెలలుగా ఆమె కడుపుతో ఉందని. వెంటనే ఆపించాను. వేరే మందులేమైనా వాడావా అని క్లినిక్‌లో నర్సు అడిగినప్పుడు పక్కన అత్త ఉంది. హారతి లేదంది. నేను అదే బెంచీ మీద కూర్చుని, మాస్కు ముక్కు మీదికి లాక్కుని ఊరుకున్నాను. గోలీ ఇచ్చినందుకు ఒకసారి ఏడిస్తే, అట్లా ఊరుకున్నందుకు పదిసార్లు ఏడ్చాను.

పాప పుట్టింది. రుచిత అని పేరు పెట్టారు. నిండుగా ఉంది, గట్టిగా ఏడుస్తుంది. దాని గుడ్డలు ఉతికే పని నాదే. ఉతికే ముందు నేల మీద పరిచి కాసేపు కూర్చుంటాను, చీమలు వస్తాయేమోనని. ఇప్పటిదాకా రాలేదు. ఐదేళ్లకు ఏమైనా అవుతుందా, పదిహేనేళ్లకా, అసలు ఏమీ కాదా, ఎవరిని అడగాలో తెలియదు. నా ఒంట్లోకి పోయే గోలీ భయం నాది, నేను పడతాను. ఆ పసిదానికి ఈ భయం అంటగట్టే హక్కు నాకెవరిచ్చారు?

మొన్న పాపకు పాలిస్తూ హారతి మెల్లగా అడిగింది. "అక్కా, గా గోలీ మళ్ల తెప్పియ్యవా. మీ మరిది మళ్ల మాటలు షురువు జేసిండు." నా చేతిలోని గమ్ము చీర మీద కారిపోయింది. వద్దన్నాను. పాలలోంచి పాపకు పోతుందేమో నాకు తెలియదన్నాను. అప్పటి సంగతి కూడా డాక్టరమ్మకు చెప్పేద్దామన్నాను. ఇంట్లో తనను బతకనివ్వరని హారతి ఏడ్చింది. "నేనిచ్చిన అని నేనే చెప్త. ఏమన్నా నన్ననుకోనీ" అన్నాను.

ఈ రోజు పాపకు టీకా వేయించడానికి వెళ్లాం. అత్త, పరమేశ్వర్ కూడా వచ్చారు. డాక్టరమ్మ పాపను చూసి బాగుందంది. నేను లేచి నా వచ్చీరాని హిందీలో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అత్త నెత్తి మీద చేతులు పెట్టుకుంది. నీకేమన్నా పిచ్చా అంటూ పరమేశ్వర్ నా మీదికి వచ్చాడు. హారతి పాపను ఎత్తుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఇప్పుడైతే ఏ లోపమూ కనబడటం లేదని, ముందు ముందు ఏమవుతుందో తను చెప్పలేనని, అప్పుడప్పుడూ పరీక్షలు చేయించాలని డాక్టరమ్మ కార్డు మీద రాసింది. తర్వాత తల ఎత్తి నన్ను అడిగింది, షుగర్ లేని మనిషికి ఎందుకు ఇచ్చావని.

హిందీలో చెప్పబోతే మాటలు రాలేదు. పరమేశ్వర్ వైపు తిరిగి తెలుగులోనే చెప్పాను.

"తప్పు నాదే. హారతికి ఏ రోగం లేకుండె. నీ నోటికి గోలీ దొరకలే, గందుకే ఆమెకిచ్చిన."