ప్రమాణానికి ముందే కుట్టిన బ్యాడ్జి

స్కౌట్ పిల్లల యూనిఫాంకి బ్యాడ్జిలు కుట్టడం గిట్టుబాటు కాని పని. ప్యాంటు అంచు మడిచి కుట్టడానికి ఎంతసేపు పడుతుందో, అరచేతిలో సగం లేని ఆ గుడ్డముక్కకీ అంతసేపే పడుతుంది. పైగా వంకర పోతుందేమోనని తల్లులు నా భుజం మీదకి వంగి చూస్తుంటారు. అయినా స్కిప్టన్‌లో దుకాణం పెట్టిన దగ్గర్నుంచీ ఆ పని వదల్లేదు. బ్యాడ్జికి వచ్చినావిడే రేపు కర్టెన్లకి వస్తుంది, ఆ పైన పెళ్లి గౌను బిగించమని వస్తుంది. చిన్నపనిలో పోయింది పెద్దపనిలో రాబట్టుకోవచ్చు.

తండ్రుల బేరం వేరు. వాళ్లు ముందు సొంతంగా ప్రయత్నిస్తారు, చెడగొట్టాక వస్తారు. ఒకాయన జిగురుతో అతికించి తెచ్చాడు. ఇంకొకాయన స్వెటర్ చేతి రెండు పొరలూ కలిపి కుట్టేశాడు, పిల్లాడి చెయ్యి దూరలేదు. చెడినదాన్ని బాగుచేయడం కొత్తగా చేయడం కంటే కష్టమని ఏ తండ్రికీ చెప్పి లాభం లేదు.

ఆ మంగళవారం దుకాణం కట్టేసే వేళకి క్లైవ్ సట్‌క్లిఫ్ వచ్చాడు. బస్సు నడుపుతాడు, ఒంటిమీద ఇంకా కంపెనీ కోటే ఉంది. వెనకాల ఎనిమిదేళ్ల కూతురు బ్రయోనీ. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని గుమ్మంలోనే తెలిసిపోయింది.

సంచిలోంచి స్కౌట్లలో చిన్నవాళ్లు, కబ్ పిల్లలు, వేసుకునే ఆకుపచ్చ స్వెటర్ తీసి బల్లమీద పరిచాడు. కుడిచేతి మీద ఊరి బ్యాడ్జి, దళం బ్యాడ్జి ఉన్నాయి, కాస్త పక్కకి ఒరిగాయి కానీ పరవాలేదు. ఎడమవైపు గుండె మీద గుండ్రటి ఊదారంగు బ్యాడ్జి. చుట్టూ నల్లదారంతో కుట్టు మీద కుట్టు.

"ఇది ఏ దారం నాయనా?" అన్నాను.

"చేపల గాలం దారం. ఊడిపోకూడదని."

"అది ఊడదులే. స్వెటర్ చిరిగినా ఊడదు. ప్రమాణం ఎప్పుడు?"

"ఇవాళే. ఆరున్నరకి."

నేను బ్రయోనీ వైపు చూశాను. ఆ పిల్ల నేలవైపు చూస్తోంది.

ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, ఆ ఊదా బ్యాడ్జి కొనుక్కొచ్చి కుట్టుకునేది కాదు. పిల్ల అందరి ముందూ నిలబడి ప్రమాణం చెప్పాలి, దళాన్ని నడిపే అకేలా తన చేత్తో దాన్ని ఇవ్వాలి. ఆ తర్వాతే అది గుండెమీదకి ఎక్కుతుంది. ముందే పెట్టుకొచ్చిన పిల్లని మిగతా పిల్లలు ఊరికే వదలరు.

"నీకెవరు చెప్పారయ్యా దీన్ని కుట్టమని?"

"ఏది ఎక్కడ కుట్టాలో బొమ్మ వేసి పంపారు. ఆ బొమ్మలో ఇదీ ఉంది. ఇంట్లో లేకపోతే వెళ్లి కొనుక్కొచ్చాను. ఉన్నవన్నీ కుట్టేశాను."

"నా బ్యాడ్జి అకేలా దగ్గరుంది నాన్నా," అంది బ్రయోనీ, తల ఎత్తకుండానే. "ఇది ఎవరిదో."

క్లైవ్ బల్లమీదకి వంగాడు. నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "డోరిన్ గారూ, పిల్ల తల్లి మెరియెల్ వస్తుంది ఇవాళ. ఇప్పుడు తనతో ఉంటున్న పియర్స్ కూడా. పియర్స్ వాళ్లమ్మ దగ్గర కుట్టుమిషను ఉంది, యూనిఫాం మాకిచ్చేయ్, మేం చూసుకుంటాం అని మొదట్నుంచీ అంటున్నారు. ఇది చూస్తే ఇంక ఆగరు. యూనిఫాం వాళ్లింటికి వెళితే పిల్ల అక్కణ్నుంచే తయారై వెళుతుంది. నాకున్నదే మంగళవారం."

లెక్క అర్థమైంది. విడిపోయిన తండ్రికి వారంలో ఒక సాయంత్రం. ఆ సాయంత్రం ఈ స్వెటర్‌ని పట్టుకుని వేలాడుతోంది.

"ఇటివ్వు, విప్పేస్తాను."

"వద్దండీ. కుట్టింది నేను, విప్పేది కూడా నేనే."

అక్కడ నేను వ్యాపారం మరిచిపోయాను. పని తెలియనివాడి చేతికి పనిముట్టు ఇవ్వకూడదు. కానీ కూతురు చూస్తోంది. కుట్లు విప్పే చిన్న కొక్కెం అతని చేతిలో పెట్టాను. "ఒక్కో కుట్టే తెంపు. లాగకు."

మొదట బాగానే తెంపాడు. గాలం దారం తెగక మొండికేసింది. గోడ గడియారం వైపు చూశాడు, బిగపట్టి లాగాడు. దారం తెగింది, బ్యాడ్జి ఊడింది. కొక్కెం స్వెటర్‌లోంచి అవతలికి దిగింది. సరిగ్గా గుండెమీద, బఠానీ గింజంత కన్నం.

క్లైవ్ కొక్కెం కింద పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ అమ్మకి ఫోన్ చేస్తాను అమ్మలూ. పియర్స్ వాళ్లమ్మ ఇంకో స్వెటర్ తెస్తుందేమో."

"ఉండు నాన్నా." బ్రయోనీ దగ్గరికొచ్చి కన్నంలో వేలు పెట్టబోయింది. వేలు పట్టుకున్నాను, అల్లిన గుడ్డ, పెద్దదవుతుంది. "బ్యాడ్జి కుడితే ఇది కనపడుతుందా?" అని నన్నడిగింది.

"కనపడదు తల్లీ."

"మరి ప్రమాణం చెప్పేటప్పుడు?"

"అప్పుడు కనపడుతుంది. కుడిచెయ్యి పైకెత్తాలి, ఎడమచేత్తో జెండా పట్టుకోవాలి. దాచుకోవడానికి చెయ్యి మిగలదు."

ఆ పిల్ల ఆలోచించింది. బేరం తేలేముందు గొర్రెల సంతలో ముసలి వ్యాపారులు ఆలోచిస్తారే, అలా. "అమ్మకి ఫోన్ చెయ్యొద్దు," అంది.

స్వెటర్ కింది అంచు లోపలి నుంచి చిన్న ముక్క కత్తిరించి కన్నం వెనకాల పెట్టాను. ఆకుపచ్చ దారం సూదికెక్కించి క్లైవ్‌కిచ్చాను. "ఈసారి లాగితే నీ వేలు కోస్తాను." అతను కుట్టాడు. వంకరటింకరగా దడి కట్టినట్టుంది ఆ రఫ్ఫు, కానీ కన్నం పాకకుండా ఆగింది.

కొట్టు మూసి నేనూ హాలుకి వెళ్లాను. నా చేతి మీదుగా వెళ్లిన సరుకు, ఏమవుతుందో చూడకుండా ఉండలేను. చేతిసంచిలో సూదులు, ఊదాదారం ఎప్పుడూ ఉంటాయి.

బ్రయోనీ తడబడకుండా ప్రమాణం చెప్పింది. గుండెమీద ఆ ముద్ద దీపం కింద బాగా కనపడింది. ఇద్దరు పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అకేలా బ్యాడ్జిని అరచేతిలో పెట్టి, స్కౌట్ల పద్ధతిలో ఎడమచేత్తో కరచాలనం చేసింది. చప్పట్లు కాగానే మెరియెల్ కూతురి దగ్గరికొచ్చి వంగింది.

"ఏమిటే ఇది, కొత్త స్వెటర్‌కి?"

క్లైవ్ నోరు తెరిచాడు. బ్రయోనీ ముందే అందుకుంది. "నాన్న చోటు గుర్తుపెట్టాడు. బ్యాడ్జి ఇక్కడే కుట్టాలి కదా, వంకర పోకుండా."

మెరియెల్ ఆ రఫ్ఫుని వేలితో తడిమింది. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. క్లైవ్ చెవులు చూసింది, కూతురి మొహం చూసింది. వెనకనుంచి పియర్స్, "మా అమ్మకిస్తే రేపటికల్లా..." అన్నాడు.

"అక్కర్లేదు పియర్స్," అంది మెరియెల్. కూతురి చేతిలోంచి బ్యాడ్జి తీసి క్లైవ్ చేతిలో పెట్టింది. "గుర్తు పెట్టినవాడే కుట్టాలి. వచ్చే మంగళవారానికల్లా ఉండాలి. నల్లదారం వద్దు, నీ గాలం దారం నాకు తెలుసు."

వచ్చే మంగళవారం దాకా అతను ఆగలేదు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు, బ్రయోనీ స్వెటర్ విప్పిచ్చి, తన కోటు కప్పుకుని పక్కన కూర్చుంది. పిల్లలు హాలంతా పరుగులు పెడుతున్నారు. నేను ఊదాదారం తీసి ఇచ్చాను. పని నేర్చుకున్న తండ్రి మళ్లీ నా గుమ్మం తొక్కడు, అది నష్టమే. అయినా ఇచ్చాను.

"ఎడమచెయ్యి లోపల పెట్టి కుట్టు," అన్నాను. "లేకపోతే ముందూ వెనకా కలిపేస్తావు."

"అంత తెలివితక్కువవాణ్నా డోరిన్ గారూ?"

"లోపల పెట్టు నాన్నా," అంది బ్రయోనీ.

అతను చెయ్యి లోపల పెట్టాడు.