ముందుగా చెప్పిన సాక్ష్యం

ఆదివారం చర్చిలో కార్తీక లేచి నిలబడి, దేవుడు తనకు బిడ్డనిచ్చాడని తమిళంలో సాక్ష్యం చెప్పింది. దత్తతకు పేరు నమోదు చేసి మూడున్నరేళ్ళయింది. మదురైలోని శిశుగృహానికి ఆమె, భర్త హరిహరన్ బస్సులో వెళ్ళి పదకొండు నెలల పాపను చూసి వచ్చారు. పాప కార్తీక చూపుడువేలు పట్టుకుంది. ఆ మాట కూడా సాక్ష్యంలో చెప్పింది. యాభైమంది చప్పట్లు కొట్టారు.

బుధవారం శిశుగృహం నుంచి ఫోన్ వచ్చింది. పాప అమ్మమ్మ వెతుక్కుంటూ వచ్చిందని, పాపను ఆమెకే ఇస్తున్నారని చెప్పారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కోపం పెట్టుకోవడానికి మనిషి దొరకలేదు.

కార్తీక తిండి మానేసింది. సింగానల్లూరులో వాళ్ళ ఇంటి ముందు గదే హరిహరన్ లేత్ వర్క్‌షాపు. పని లేకపోయినా అతను మిషన్ ఆపలేదు. ఆపితే లోపలి ఏడుపు వినిపిస్తుంది.

తర్వాతి ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు. పాస్టర్ యేసుదాస్ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మోకరించి చూసింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ప్రార్థన ఆమె నేర్చుకున్నది తమిళంలో. అందులో మొదటి మాట స్తోత్రం. ఆ మాట నోట రాలేదు.

సోమవారం అత్త అమ్మణి రసం అన్నం కలిపి తెచ్చింది. ఆమెది మారియమ్మ గుడి. కోడలి చర్చి జోలికి పెళ్ళయిన ఆరేళ్ళలో ఎప్పుడూ పోలేదు.

"ఏమే, మేము మారియమ్మకి కూడా పని అయినంకనే పొంగలు పెడతాము. నీవు బిడ్డ రాకముందే పెట్టేస్తివి."

"ఏ మొగం పెట్టుకోని పోయేది అత్తా? అందురూ చప్పట్లు కొట్టినారు. నేనింక ఎందుకు బతకాల?"

"నేనూ వస్తాను, పోదుం. ఏడ్చేవాళ్ళకి నీ బుక్కులో ఏమీ రాయలేదా? నాకు సదవను రాదు, చెవులుండాయి. మన మాటలో చెప్పు."

కార్తీక తమిళ బైబిలు తెరిచింది. పదమూడో కీర్తన చూస్తూ, వరుస తర్వాత వరుస ఇంటి తెలుగులో చెప్పింది. అలా చెప్పడం అదే మొదలు.

"ఎన్ని దినాలు సామీ? నన్ను మరిచే పోతివా? మొగం ఎందుకు దాచుకుంటివి?"

అమ్మణి చేతిలోని ముద్ద ఆగింది. "సామిని ఇట్ల కూడా అడగొచ్చా?"

"రాసుండాది అత్తా."

"ఎవురు రాసింది?"

"ఒక రాజు."

"జవాబు వచ్చెనా వానికి?"

కార్తీక ఆరు వచనాలూ మళ్ళీ చూసింది. "లేదత్తా. అయినా నిన్నే నమ్ముకోనుండాను అంటాడు."

"అట్లంటే అడిగినోడు బతికే ఉండాడు. తిను కన్నా."

ఆమె రెండు ముద్దలు తిన్నది.

ఆ వారం చర్చిలో సాక్ష్యాల వేళ కార్తీక లేచింది. పాప రాలేదని తమిళంలో చెప్పింది. తర్వాత రాజు అడిగిన ప్రశ్నలన్నీ తెలుగులో అడిగింది. అక్కడ తెలుగు తెలిసినవాళ్ళు పదిమంది ఉంటారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యేసుదాస్ కళ్ళు మూసుకున్నాడు. నిన్నే నమ్ముకోనుండాను అన్న మాట ఒకటి మిగిలింది. తర్వాత అదీ చెప్పింది.

వెనక బెంచీలో అమ్మణి చెప్పులు సంచిలో పెట్టి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. కోడలు వచ్చి పక్కన కూర్చోగానే చెవిలో అడిగింది.

"ముగిసెనా? నాకు ఆకలి."

"నాకూ అత్తా," అన్నది కార్తీక.