శంకరరావు తుమ్ములు

హిందీ మాట్లాడే ఊళ్లో, ఉక్కు ప్లాంటు పక్కన, క్యాంప్ 1 అనే కార్మికుల బస్తీలో నూకాలమ్మకి తెల్లవారిందంటే చేతిలో తడిగుడ్డ ఉండాల్సిందే. అరుగు మీద, కిటికీ ఊచల మీద, మూత పెట్టిన బిందె మీద కూడా రాత్రికి రాత్రే నల్లటి పొడి పేరుకుంటుంది. అదంతా తుడిచి, అరుగు మీద కుర్చీ వేసి, మొగుడు శంకరరావుని కూర్చోబెట్టి టీ గ్లాసు చేతికిస్తుంది. ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఒకప్పుడు సొంతూరు పాలకొండ నుంచి ఎవరొచ్చినా వాళ్ల తాతల పేర్లు కూడా చెప్పేవాడు. ఇప్పుడు టీ తాగి, తాగలేదంటాడు.

డాక్టరు శ్రీవిద్య దాపరికం లేకుండా చెప్పింది.

"వయసొక్కటే కాదమ్మా. ఏళ్ల తరబడి పీల్చిన పొగ, సన్నటి దుమ్ము మెదడుకీ చేటే. పోయిన జ్ఞాపకాలకి మందు లేదు. ఇకనైనా పొగకి దూరంగా ఉంచండి."

మందు లేదు గానీ తుమ్ముంది. వాన వెలిసి గాలి తేటపడిన రోజు శంకరరావుకి తుమ్మొచ్చేది. ముక్కులోంచి చిటికెడు మసి రాలేది, దాంతోపాటు మరిచిపోయిందొకటి తిరిగొచ్చేది. ఓసారి చెల్లెలి పేరు వచ్చింది. ఇంకోసారి చిన్నప్పుడు ఈత కొట్టిన నాగావళి మొత్తం వచ్చింది, ఆ రోజు ఆయన సంబరం చూడాలి. వీధిలో దీన్నెవరూ వింతనుకోలేదు. పక్కింటి రాజాబాబు "ఇయాల ఏటొచ్చింది మావా?" అని అడిగి, విని, డ్యూటీకి పోయేవాడు.

తంటా అంతా ఆ ఇంటి పట్టింపుతో వచ్చింది. కొడుకు సతీష్‌కుమార్ అదే ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేస్తాడు, షిఫ్టు డ్యూటీలు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము అశుభం. అందుకని మొగుడి ముక్కు అదిరిందంటే చాలు, నూకాలమ్మ పరుగున వచ్చి కొంగుతో నొక్కేసేది.

"పిల్లడెల్తన్నాడు, తుమ్మీకండి."

అలా ఎన్ని జ్ఞాపకాలు లోపలే ఉండిపోయాయో ఆవిడకి తట్టనే లేదు. పిచ్చితల్లి, ప్రేమతోనే నొక్కింది.

ఈ వానాకాలం శంకరరావు దారి తప్పి రైలు పట్టాల మీద దొరికాడు. ఇల్లెక్కడో చెప్పలేకపోయాడు. సతీష్ హడలిపోయి పక్క ఊరు కుమ్హారి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో మాట్లాడి వచ్చాడు.

"నేను డ్యూటీలో ఉంటే నువ్వొక్కదానివే ఎలా చూస్తావు? సమఝో అమ్మా, అర్థం చేసుకో."

నూకాలమ్మ కాదనలేకపోయింది. ఆ పొద్దున్నే టీ ఇస్తుంటే ఆయన ఎంతో మర్యాదగా "ఎవులమ్మా మీరు?" అని అడిగాడు.

బయల్దేరే రోజుకి ముందు రాత్రంతా వాన దంచేసింది. పొద్దున్నే ఆటో వచ్చింది, బట్టల సంచి ఎక్కించారు. గడప దగ్గర శంకరరావు ముక్కు అదిరింది. అలవాటు కొద్దీ నూకాలమ్మ చెయ్యి లేచింది. మధ్యలో ఆగింది. ఈ ప్రయాణం చెడితే మంచిదే కదా?

కొంగు దించేసింది.

"తుమ్మండి. గట్టిగా తుమ్మండి."

తుమ్మాడు. అరుగు మీద మసి రాలింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడు సతీష్.

"కూకో. మంచినీళ్లు తాగి ఎల్దాం."

కూర్చున్నారు, తాగారు. లేవగానే మళ్లీ ఒంటి తుమ్ము. మళ్లీ కూర్చున్నారు. ఇన్నాళ్లూ నొక్కిపెట్టినవన్నీ వరసకట్టి వస్తున్నాయి. ఒక తుమ్ముకి ఇంటి దారి వచ్చింది. ఇంకో తుమ్ముకి సతీష్ పుట్టిన రోజు ప్లాంటు క్యాంటీన్లో పంచిన జిలేబీ వచ్చింది. బిందె ఖాళీ అవుతోంది, అరుగు నల్లబడిపోతోంది. ఆటో అబ్బాయి "భయ్యా, జానా హై కి నహీ?" అని, వెళ్తారో లేదో తేల్చమన్నట్టు ఇంజిను ఆపేశాడు.

ఆఖరి తుమ్ము పెద్దది. శంకరరావు ముక్కు తుడుచుకుని పెళ్లాం వంక చూశాడు.

"నూకాలూ, ఆ సంచెవులిది? ఎవులెల్తన్నారు?"

"ఎవులూ ఎల్లట్లేదు," అని ఆమె బావురుమంది. సంతోషానికి అంత ఏడుపు ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సతీష్ కళ్లు తుడుచుకుంటూ తనే వెళ్లి సంచి దింపేశాడు.

మధ్యాహ్నం ఎండ కాసింది. వీధి చివర రోజూలాగే ఎవరో చెత్తకి నిప్పు పెట్టారు. తడి చెత్త, పొగ దట్టంగా లేచింది. ఏనాడూ గొంతెత్తని నూకాలమ్మ నీళ్ల బకెట్టు పట్టుకుని వీధి మధ్యలోంచి నడిచింది. వెనకాల ఒక్కొక్క గుమ్మం నుంచీ ఆడవాళ్లు బకెట్లతో కదిలారు. మంట చుయ్యిమని ఆరిపోయింది.

"ఈ ఈదిలో ఇంకెవులూ పొగ పెట్టీకండి," అంది ఆమె, అందరికీ వినపడేలా. "మా ఆయనకింకా శానా తుమ్ములున్నాయి."