బొడ్డున్న చేప

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ మూలనున్న గుంట పిల్లకి కూడా వినబడాలి. ఇది సముద్రం కథ. సముద్రం ఎక్కడ, మన కొండ ఎక్కడ అంటారా? వినండి, మీకే తెలుస్తుంది.

అరకు పైన కొండ ఊళ్ళో యర్రమ్మ అని ఒకామె ఉండేది. ఉండేది ఏమిటి, ఇప్పటికీ ఉంది. ఆమె కూతురు చిట్టి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి మగపిల్లాణ్ణి కంది. కన్నది గానీ పాలు సరిగా పడలేదు. పడినా పిచ్చుక గొంతు తడిసేటంతే. పిల్లాడు ఏడ్చి ఏడ్చి సోలిపోతాడు, లేచి మళ్ళీ అందుకుంటాడు. ఆ ఏడుపుకి యర్రమ్మకు కాలు నిలవలేదు. పొయ్యి దగ్గర నుంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి కళ్ళంలోకి. చోళ్ళు చెరగబోయి చేట అక్కడే పడేసింది.

"అమ్మా, నువ్వలాగ తిరిగితే నాకు కళ్ళు తిరిగిపోతన్నాయే," అంది చిట్టి.

"మరేటి సేయమంటావు? నువ్వు పుట్టినప్పుడు మాయమ్మ నాకు పాలసొర వండెట్టింది. నువ్వు తాగలేక కక్కీసినావు. రేపు సంత. బేగి ఎల్లి అట్టుకొత్తాను."

పాలసొర అంటే చిన్న జాతి సొరచేప. ఎండబెట్టి అమ్ముతారు. బాలింతకి దాని పులుసు పెడితే పాలు పడతాయని కొండ మీదా నమ్మకమే, కిందా నమ్మకమే. యర్రమ్మ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఆమె ఎరిగిన సముద్రమంతా సంతలో అప్పలనర్సమ్మ గంపలోదే.

మర్నాడు ఆటోవాడు జనం నిండితే గానీ కదలనన్నాడు. యర్రమ్మ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆఖరికి వాణ్ణి నాలుగు తిట్టి నడక పట్టింది. రెండో మలుపులో అదే ఆటో ఆమె మీద దుమ్ము కొట్టి దాటిపోయింది.

సంతలో అప్పలనర్సమ్మ గంప పక్కనే ఒక అమ్మాయి సముద్ర జీవుల బొమ్మలున్న గుడ్డను కర్రకి కట్టి నిలబడి ఉంది. పేరు లిదియా. పాచిపెంట వైపు కొండపిల్లే, ఇద్దరు బిడ్డల తల్లి. సముద్రాన్ని కాపాడాలని పనిచేసే సంఘమొకటి ఆమెను సంతసంతకీ పంపుతోంది. పిల్లసొరలు ఎండి ఈ కొండ సంతలకే ఎక్కుతున్నాయి మరి, చెప్పే మాట ఇక్కడే చెప్పాలి కదా.

"నర్సమ్మా, పాలసొర ఉందా?" అని అడిగింది యర్రమ్మ.

"నీకోసవే ఉంచినానప్పా. సూడు, ఎంత లేతగుందో."

"లేతది కాబట్టే వద్దంతన్నాను పిన్నీ," అంది లిదియా.

అప్పలనర్సమ్మకు ఒళ్ళు మండింది. "ఇదొకర్తి తగిలింది నాకు! పొద్దున్నుంచి నా గంప ముందరే బొమ్మలు కట్టుకుని, సేప తినొద్దంతాది. మరి నా కాడ కవళ్ళ సేపలెందుకు కొన్నావే?"

"తినొద్దని ఎవులన్నారు? పిల్లసొర మాటే నాను సెప్పేది."

"మీ ఇద్దరూ తరవాత తగూలాడుకోండి. అక్కడ గుంటడు ఏడుత్తన్నాడు," అంటూ యర్రమ్మ చెయ్యి చాపింది.

లిదియా ఆ సొరను వెల్లకిలా తిప్పి, రెండు రెక్కల నడుమ వేలు పెట్టింది. అక్కడ సన్నటి చీలిక, ఇంకా మానీ మానని మచ్చ.

"ఇదేటో సెప్పు పిన్నీ?"

యర్రమ్మ వంగి చూసింది. మనవడికి నీళ్ళు పోసేటప్పుడు రోజూ జాగ్రత్తగా చూసుకుంటున్న మచ్చ, ఆమె ఎరగనిదా!

"బొడ్డు నాగుంది. సేపకి బొడ్డేటే? గుడ్లు పెట్టీ జాతి కదేటి?"

"అన్నీ పెట్టవు. ఈ సొర మన నాగే బొడ్డుతాడుతో కడుపున మోత్తాది. ఏడాది మోసి కంటే నాలుగో ఐదో పిల్లలు. నెత్తళ్ళ నాటి సిన్న సేపలు వేలకి వేలు గుడ్లు ఇడుత్తాయి, దీనికి ఆ వరం నేదు. వలలో తల్లులూ పడి, నిన్నా మొన్నా పుట్టినవీ పడితే, ఇంకేటి మిగులుద్ది?"

యర్రమ్మ చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఇటుకల పండగ వేటలో ఖాళీ చేతుల్తో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టడం మీకు తెలిసిందే. చిట్టి కడుపులో ఉన్న ఏడాది తన మొగుడు సుక్రు అలాగే వస్తే, యర్రమ్మ కుండెడు కుమ్మరించింది. "కణుజు జింక ఎదురయింది గానీ కడుపుతో ఉందే, ఒగ్గీసినాను," అన్నాడు ఆయన, గడ్డం తుడుచుకుంటూ. ఊళ్ళో పెద్దలు ఆయన్ని మెచ్చుకున్నారు. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆ మాట మాత్రం ఆ సంతలో, ఎండుచేపల వాసనలో, ఆమె చెవిలో పడింది.

అయినా మనవడి ఏడుపు ఊరుకోనిస్తుందా?

"సొరదేనా బిడ్డ, నా కూతురిది కాదా?" అని లిదియా మీద విరుచుకుపడింది. "నీ బొమ్మలు పాలిత్తాయేటి?"

లిదియా సొరను అలాగే గంపలో పెట్టింది. "నా పెద్దోడప్పుడు నాకూ ఇలాగే అయింది పిన్నీ. ఆస్పత్రిలో నర్సుగారు ఒకటే సెప్పింది. మాటిమాటికీ రొమ్ముకి పెట్టు, పిల్లడు లాగితేనే పాలు ఊరతాయని. తల్లికి కడుపునిండా కూడెట్టు. రేప్పొద్దుటికీ తాగకపోతే ఆస్పత్రికి తే. నానూ తోడొత్తాను."

"సొర కొనకపోతే మానె," అని అప్పలనర్సమ్మ సణుగుతూనే నెత్తళ్ళు పొట్లం కట్టి, పైన ఇంకో గుప్పెడు వేసింది. "బాలింతకి వట్టి సేతుల్తో ఎల్తావేటి?"

యర్రమ్మ సంత దాటింది. మళ్ళీ వెనక్కి తిరిగి గంప దాకా వచ్చింది. ఆ మచ్చ వంక చూసి వెళ్ళిపోయింది. దారిపొడుగునా ఒకటే గుబులు: మనవడి నోటికాడిది తీసేశానా?

అదే మాట ఇంటి దగ్గర చిట్టి అంది.

"సొరేదే?"

"తేనేదు."

"ఎవులో గుంట ఏదో సెప్పిందని నా కొడుకు నోటికాడిది తీసీసినావా?" అని గోడవైపు తిరిగి ఏడ్చింది.

యర్రమ్మ నెత్తళ్ళ పులుసు కాచి, చోడి అంబలితో దగ్గర కూర్చుని తినిపించింది. పిల్లాణ్ణి రొమ్ముకి అందించింది. వాడు వదిలేసి ఏడ్చాడు.

"మళ్ళీ ఎట్టు."

"నొప్పెడతందే అమ్మా."

"ఎట్టమ్మా, నా తల్లివి కదూ."

పొద్దు గుంకేదాకా అదే తంతు. తెల్లారింది. యర్రమ్మ ఆస్పత్రికి బట్టలు మూటగట్టింది. జీపు దొరుకుతుందో లేదోనని వాకిట్లోకి, లోపలికి తిరుగుతుంటే చిట్టి పిలిచింది.

"అమ్మా, ఇటు రా. రెండో పక్క కూడా కారిపోతందే, రైక తడిసిపోయింది."

యర్రమ్మ చెవి పెట్టి వింది. పిల్లాడు గుటకలు వేస్తున్నాడు. గుటక, గుటక, మధ్యలో ఊపిరి.

నెత్తళ్ళ వల్లో, వాడు లాగడం వల్లో యర్రమ్మకు తెలియదు. తెలుసని చెప్పదు కూడా. కాన్పు దగ్గరపడిన వాళ్ళు వచ్చి ఏం పెట్టావని అడిగితే, జరిగింది జరిగినట్టు చెబుతుంది. కొందరు నవ్వుతారు, కొందరు వింటారు.

మీరు వినేవాళ్ళలో ఉండండర్రా. బాలింతకి సొర తెమ్మని మిమ్మల్ని ఎవరైనా సంతకి పంపితే, ముందు ఈ కథ చెప్పండి. మరిచిపోకండి. చిట్టి గోడవైపు తిరిగి ఏడ్చిన మాట కూడా చెప్పండి, అది దాచకండి.